పల్లం టీచరు

సమాధికి సిమెంటు కావాలని ఎవరైనా వస్తే, ఎవరిదని నేను అడగను. మా వ్యాపారంలో అదొక మర్యాద. ఇల్లు కట్టేవాళ్ళని ఎన్ని గదులని అడుగుతాం. ప్రహరీ కట్టేవాళ్ళని పక్కింటివాళ్ళతో గొడవేమైనా ఉందా అని కూడా అడుగుతాం. సమాధి అన్నవాళ్ళకి మాత్రం నోరు మూసుకుని బస్తాలు వేయించేస్తాం. ఆ రోజు నందిగామలో మా కొట్టుకి వచ్చిన కుర్రాడు నేను అడక్కుండానే చెప్పాడు.

“మా మేనత్తకండి. పోయిన వారం పోయింది. ఆదరణ కూటం ప్రార్థన జరిగేలోపే సమాధి కట్టేద్దామంటున్నాడు మా నాన్న.”

వాళ్ళది చందర్లపాడు దగ్గర పల్లెటూరట. తను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడట. కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించి, బస్తాలు వేసే మనిషి కోసం కేకేశాను. కుర్రాడు సగం గ్లాసు తాగి, మిగిలినవి పారబోయడానికి కొట్టు మెట్లు దిగాడు. అక్కడ ఆగాడు. కుడికాలి మడమతో నేలని మెల్లగా తట్టాడు. తలుపు కొట్టి నిలబడినవాడిలా కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒంగి, గ్లాసు నేలకి దగ్గరగా పెట్టి, నీళ్ళు చప్పుడు కాకుండా వదిలాడు.

నీళ్ళని అలా పారబోసే మనిషిని నా జన్మలో ఒక్కరినే చూశాను.

“మీ మేనత్త జగ్గయ్యపేటలో పనిచేశారా?” అని అడిగాను.

“చేసిందండి, చాలాకాలం. ఆ తర్వాత ఇక్కడ నందిగామలో రిటైరైంది. మీకు తెలుసాండి?”

తెలుసు. బస్తాలు వేసే మనిషిని ఆగమన్నాను.

ఆవిడకి మంచి పేరుంది, బైబిల్లోది. నేను చదివిన బళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. పిల్లలకీ, తోటి టీచర్లకీ, ఆఖరికి గంట కొట్టే అటెండరుకీ ఆవిడ పల్లం టీచరే. ఎక్కడికి వెళ్ళినా ముందు నేల ఎటు వాలిందో చూసుకునే అలవాటు వల్ల వచ్చిన పేరు అది. ఒకసారి ఏదో పనిమీద మా ఇంటికి వచ్చింది. అమ్మ కుర్చీ వేస్తే కూర్చోలేదు. వసారాలో నిలబడి, అరచెయ్యి బోర్లించి, గాలిలో మెల్లగా ఒక మూలకి జరుపుకుంటూ పోయి, “మీ నీళ్ళు పొయ్యి కిందకి పోతాయండీ,” అంది. అమ్మకి ఆ మాట నచ్చలేదు. ఆ ఏడు వానలకి వంటింట్లో పొయ్యిగట్టు కుంగింది. అదంతా ఆవిడ నోటి చలవేనని అమ్మ ఇప్పటికీ అంటుంది.

మనిషి పొట్టి, లావు. సన్న అంచు నేతచీరలు కట్టేది. చీర కుచ్చెళ్ళు ఎండాకాలంలో కూడా తడిగా ఉండేవి. ఎందుకో మాకు తెలీదు, అడిగినవాళ్ళు లేరు. చెప్పులు బడి గేటు దగ్గరే విడిచిపెట్టేది. చేతిలో నల్ల గొడుగు, దాన్ని విప్పగా ఎవరూ చూడలేదు. వాన మొదలవగానే అందరూ వరండాలోకి పరిగెడితే, ఆవిడ ముడిచిన గొడుగుతో వరండాలోంచి వానలోకి దిగేది. నీళ్ళ వెనకాల నడిచేది. అవి ఆగిన చోట ఆగేది. గొడుగు మొనతో లోతు చూసి, తల ఊపి, మళ్ళీ వాటి వెనకాలే బయల్దేరేది.

పాఠం చెబుతూ చెబుతూ ఒక్కోసారి మధ్యలో ఆపేసి తల పక్కకి వంచేది. క్లాసంతా ఊపిరి బిగబట్టేది. “వెళ్తున్నాయి,” అనేది చివరికి. ఏవి, ఎక్కడికి అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆవిడ మళ్ళీ ఆపిన వాక్యం దగ్గర్నుంచే పాఠం ఎత్తుకునేది.

ఆవిడ మాటల్లో ‘కింద’ అనేది ఒక ఊరు. మేం పై ఊరివాళ్ళం, కింద ఇంకెవరో ఉన్నారు. టిఫినుబాక్సు కడిగిన నీళ్ళు ఎవరైనా కిటికీలోంచి గిరాటేస్తే, “కింద ఎవరున్నారో చూశావా?” అనేది. కసిరినట్టు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు. మేం కిటికీలోంచి తొంగిచూసేవాళ్ళం.

“ఎవరూ లేరు టీచర్.”

“పైకి కనపడరు,” అనేది.

ఏ నీళ్ళు పారబోయాలన్నా ముందు మడమతో నేలని తట్టాలి. “జరగండమ్మా,” అనాలి. వాళ్ళు జరిగేదాకా ఆగాలి. అప్పుడు పోయాలి. మాకందరికీ అదే నేర్పింది. “చూడు, జరిగారు,” అని నేలకేసి చూపించేది. నేను కళ్ళు చికిలించుకుని చూసేదాన్ని. దుమ్ము రేణువు కూడా కదిలేది కాదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. “కింద నిజంగా ఉన్నారా టీచర్?”

“సిమెంటుకొట్టు అమ్మాయ్, నువ్వు తాగే నీళ్ళు ఎక్కణ్నుంచొస్తున్నాయ్?”

“బావిలోంచి.”

“ఆ బావికి ఎక్కణ్నుంచొస్తున్నాయ్?”

“కింద నుంచి.”

“మరి నువ్వు ఎవరికి కిందున్నావో, నీకు ఎవరు కిందున్నారో నీకెట్లా తెలుస్తుంది?” అని, నా సమాధానం కోసం చూడకుండా వెళ్ళిపోయింది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. సిమెంటు కొట్టులో పుట్టి, సిమెంటు కొట్టున్న ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. ఇక్కడ కూర్చునేవాళ్ళకి దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఉండదు. అయినా ఆ రోజుల్లో ఖాళీ క్లాసురూములో ఒక్కదాన్నే ఉండాల్సొస్తే కాళ్ళు నేలమీద పెట్టేదాన్ని కాదు. బెంచీ మీదకి ముడుచుకుని కూర్చునేదాన్ని.

మా నాన్న కొట్టు బడి పక్కనే. వెనక గోడౌను. ఫ్యాక్టరీల నుంచి బస్తాలతో వచ్చే లారీలు మా ముందు నుంచే గరికపాడు వైపు పోయేవి. తొంభైల్లో ఆ రోడ్డు రంగు బూడిద, దాని పక్కనున్న చెట్ల ఆకులదీ అదే రంగు. వాన పడితే ఆ రోడ్డంతా కడుక్కుని నీళ్ళు బడి గేటులోంచి లోపలికి వచ్చేవి. తెల్లగా, చిక్కగా ఉండేవి. పైన లారీల ఆయిలు రంగురంగుల చారలు కట్టేది. దారిలో ఉన్న పేడ, మిరప తొడిమలు, చచ్చిన ఎలుకలు అన్నీ తేలుకుంటూ వచ్చి బడి బావి చుట్టూ చేరేవి. ఆ బావి నీళ్ళే మేం తాగేది. వానాకాలం వస్తే సగం క్లాసు వాంతులతో, విరేచనాలతో ఇంట్లో ఉండేది. దాన్ని మేం సీజను అనుకునేవాళ్ళం.

నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు ఆ సీజను మామూలుగా పోలేదు. ఆరో తరగతి పిల్ల ఒకతె రోజూ తన చిన్న చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చేది. తల్లి వత్సవాయి వైపు పత్తి ఏరడానికి కూలికి వెళ్ళేది, ఇంటిదగ్గర చిన్నదాన్ని చూసేవాళ్ళు లేరు. ఆ చిన్నది క్లాసు గుమ్మం దగ్గర కూర్చుని మా చెప్పుల్ని వరసగా పేర్చి, చెరిపేసి, మళ్ళీ పేర్చుకునేది. ఒకరోజు వాన వెలిశాక బావి దగ్గర బకెట్టులోంచి నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగింది. ఆ వారం దాటకుండానే ఆసుపత్రిలో పోయింది.

తర్వాత చాలారోజులు గుమ్మం దగ్గర మా చెప్పులు చిందరవందరగా పడి ఉండేవి. పల్లం టీచరు వాటిని దాటేటప్పుడు ఆగేది. పాఠం చెప్పడం కూడా తగ్గించేసింది. నాకు ఆవిడంటే భయం పోయి జాలి మొదలైంది అప్పుడే.

ఒకరోజు అడుగున చిల్లులున్న కుండ పట్టుకుని క్లాసుకి వచ్చింది. అందులో అడుగున కంకర పోసింది, దాని మీద ఇసుక, దాని మీద మట్టి. మట్టిలో తుంగ మొక్క ఒకటి గుచ్చింది. గేటు దగ్గర గుంటలోని తెల్లనీళ్ళు ఒక చెంబుతో తెప్పించి మెల్లగా పోసింది. మేం కుండ చుట్టూ చేరాం. చాలాసేపటికి కింద పెట్టిన గాజుగ్లాసులోకి చుక్కలు పడ్డాయి, తేటగా. నేను గ్లాసు అందుకోబోతే చెయ్యి పట్టేసుకుంది.

“తాగడానిక్కాదు. కిందకి పంపడానికి.”

“మరి మురికంతా ఏమైంది టీచర్?” అన్నారెవరో.

“దించేసుకున్నాయ్. నీళ్ళకి ఉన్న జబ్బల్లా తొందర. పరిగెత్తేటప్పుడు అన్నీ నెత్తినెత్తుకుంటాయ్. కాసేపు కూర్చోబెట్టామనుకో, వాటంతటవే దించుకుంటాయ్.” కుండని రెండు చేతులతో పట్టుకుని మా అందరికేసీ చూసింది. “ఈ కుండని నేల్లోకి దింపుదాం. మీరే తవ్వాలి.”

అలా మొదలైంది వాన మడి. ముందు మమ్మల్నందరినీ చెప్పులు విప్పించి, కళ్ళు మూసుకుని గేటు నుంచి బావి వైపు నడవమంది. కాళ్ళు ఎటు లాగితే అటు వెళ్ళమంది. మేం ఒకరినొకరు గుద్దుకుంటూ, నవ్వుకుంటూ నడిచాం. కళ్ళు తెరిచి చూస్తే దాదాపు అందరం ఒక్కచోటే ఉన్నాం. అదే నీళ్ళ దారి. బావికి చాలా ఇవతలే, ఆ దారిలో, మోకాలి లోతున పెద్ద మడి తవ్వాం. నీళ్ళు దిగే చోట వడి తగ్గడానికి రాళ్ళు పరిచాం. ఎక్కువైన నీళ్ళు బావి వైపు పోకుండా రెండో పక్కన చిన్న గండి పెట్టాం. మా నాన్న ట్రాక్టరు మీద కంకర, మునేరు ఇసుక తోలించాడు. ఎందుకని ఇంట్లో అడిగితే, “బడికి,” అని మాత్రం అన్నాడు. తుంగ, వట్టివేరు, మెట్టతామర పిల్లలే తెచ్చి నాటారు. పోసిన నీళ్ళు మర్నాటికి ఇంకిపోవాలి, నిలవుంటే దోమలు చేరతాయని ఆవిడ బిందెలతో పోయించి చూసింది. పోసే ముందు అందరం మడమలతో నేలని తట్టాం. అంతమంది పిల్లలు ఒక్కసారి తడితే ఆ చప్పుడు కింద ఎక్కడో బోలుగా మోగినట్టు నాకు అనిపించింది.

మొదటి వాన పగలే వచ్చింది. తెల్లనీళ్ళు గేటులోంచి వస్తూ రాళ్ళ దగ్గర తడబడి మడిలోకి దిగి నిలబడ్డాయి. మేం చుట్టూ తడుస్తూ కూర్చున్నాం. ఒక పిల్లాడు చప్పట్లు కొట్టబోతే ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుంది. “అరవకు. దించుకుంటున్నాయ్.” బావి చుట్టూ ఆ రోజు నేల వానకి తడిసింది తప్ప వరద నీళ్ళు చేరలేదు. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి చూశాను.

మర్నాడు పొద్దున్న బడికి వెళ్ళేసరికి నీళ్ళు ఇంకిపోయాయి. మడి మీద తెల్లటి పెచ్చు కట్టింది. సిమెంటు అమ్మేవాళ్ళ పిల్లనై ఉండి ఆ సంగతి నాకూ తట్టలేదు, మా నాన్నకీ తట్టలేదు. రోడ్డు మీద పొడి తడిసిందంటే గట్టిపడకుండా ఎలా ఉంటుంది? అలా వదిలేస్తే తర్వాతి వానకి నీళ్ళు ఇంకవు. పెచ్చు ఊడదీయాల్సిందే. ఊడదీద్దామని దగ్గరికి వెళ్ళిన పిల్లలు వెనక్కి వచ్చేశారు.

పెచ్చు మీద అడుగులున్నాయి. చిన్నపిల్లవి, చెప్పుల్లేనివి. రాళ్ళ దగ్గర మొదలై మడి మధ్యదాకా వెళ్ళాయి. తిరిగి రాలేదు.

టీచరు గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత మా అందరినీ ఒక్కొక్కళ్ళనే పిలిచి ఆ అడుగు పక్కన కాలు పెట్టమంది. ఎవరి కాలూ సరిపోలేదు. అన్నీ పెద్దవే. మా బళ్ళో ఆరో తరగతికన్నా చిన్నవాళ్ళు లేరు. ఆ చిన్నది తప్ప అంత చిన్న కాళ్ళవాళ్ళు ఆ ఆవరణలోకి వచ్చింది లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఇంటర్వెల్లుకల్లా జగ్గయ్యపేట సగానికి తెలిసిపోయింది.

మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి వచ్చింది. ఎవరు చెప్పారో, చేలోంచి ఉన్నపళాన వచ్చినట్టుంది. జుట్టుకి దూది అంటుకుని ఉంది. అందరూ దారిచ్చారు. ఆమె మడి గట్టున కూలబడి ఆ అడుగుల్ని ఒక్కొక్కటే చూసింది. అరచెయ్యి ఒక దాని మీద పెట్టింది. ఏడుస్తుందని మేమంతా ఎదురుచూస్తున్నాం.

“మా పిల్లది కాదమ్మా,” అంది. “మా పిల్లకి చిటికెనవేలు పక్కకి తిరిగి ఉండేది. ఇది కాదు.”

టీచరు ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

“అయితే ఇంకో పిల్ల,” అంది నెమ్మదిగా.

ఆ తల్లి తలెత్తి చూసింది. “ఇంకా ఉన్నారా?”

“ఉంటారు.”

ఆమె అరచెయ్యి తియ్యలేదు. “అట్టాగైతే దీన్ని పూడ్చనియ్యకమ్మా,” అంది. “మంచినీళ్ళు పోనీ.”

ఆ ఎండలో నాకు చలేసింది. ఇప్పుడు తలుచుకున్నా వేస్తుంది. ఆలోచిస్తే ఆ అడుగులకి కారణాలు లేకపోలేదు. మడి మధ్యలో గులకరాళ్ళు ఉన్నాయి, వాటి మీద అడుగు పడదు. ఏ రోడ్డు పక్క పిల్లో గేటు సందులోంచి దూరి వచ్చి, రాళ్ళమీదుగా అవతలికి గెంతి ఉండచ్చు. నాన్న అదే అన్నాడు. నేనూ అదే అంటాను. టీచరు మాత్రం ఒక అడుగున్న పెచ్చుని తాపీతో చుట్టూ గీరి, అట్టముక్క మీదకి ఎత్తి, చీర కొంగు కప్పి ఇంటికి తీసుకెళ్ళింది. మిగతాది మా చేత ఊడదీయించింది. ఊడదీసే ముందు తట్టించింది.

ఆ తర్వాత ప్రతి వానకీ పెచ్చు తియ్యడం మా పని. పనిచేసిన పిల్లలకి ఆవిడ ఉప్పుశనగలు పంచేది. ఎప్పుడూ ఒక వాటా మిగిలేలా తెచ్చేది. దాన్ని నీళ్ళు దిగే రాళ్ళమీద పెట్టేది. మర్నాటికి ఉండేవి కావు.

“కాకులు తిని ఉంటాయి టీచర్,” అన్నాను.

“తిననీ,” అంది.

అడుగులు మళ్ళీ పడలేదు. వానాకాలంలో క్లాసులో ఖాళీలు తగ్గాయి. పూర్తిగా పోయాయని చెప్పను, తగ్గాయి. అయినా మనుషులకి గుర్తుండేది వేరు. ఆ మడి పక్కనుంచి పొద్దుగూకాక నడవడానికి పెద్దవాళ్ళు కూడా జంకేవాళ్ళు. పిల్లలు కలవరిస్తున్నారని తల్లులు వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. నేను పదో తరగతిలో ఉండగా బడి పెద్దలంతా కూర్చుని, మడి పూడ్చేసి దాని మీద సిమెంటు స్టేజీ కట్టాలని తేల్చారు. జెండా పండక్కి పనికొస్తుందన్నారు. సిమెంటు మా నాన్న ఇచ్చాడు. ఇవ్వొద్దని నేను రెండు పూటలు అన్నం మానేశాను. “బడివాళ్ళడిగితే ఎట్టా కాదంటామే,” అన్నాడు. ఆయన తప్పు పట్టలేను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా అలా వస్తే నేనూ ఇస్తానేమో.

టీచరు గొడవపడలేదు. బావి సంగతి ఒకటికి నాలుగుసార్లు చెప్పి చూసి, ఇక చెప్పడం మానేసింది. కంకర పోసే రోజు వచ్చి మడి మధ్యలో చెప్పుల్లేకుండా నిలబడింది. మడమతో తట్టింది. “జరగండమ్మా,” అంది. ఆగింది. మేస్త్రి కాంక్రీటు కలిపించి పెట్టుకుని నిలబడ్డాడు. ఎండెక్కుతోంది.

“ఎంతసేపు టీచరుగారూ, గట్టిపడిపోతది,” అన్నాడు.

“ఇల్లు మారడం కదయ్యా,” అంది ఆవిడ. “టైము పడుతుంది.”

ఇంకా కాసేపు ఉండి, తల పక్కకి వంచి విని, అప్పుడు గట్టెక్కింది. సాయంత్రానికి స్టేజీ అద్దంలా నున్నగా తయారైంది.

తెల్లారి మేస్త్రి మా కొట్టుకి వచ్చాడు. రెండు బస్తాలు కావాలన్నాడు. ఎందుకని నాన్న అడిగితే బడి వైపు చూపించాడు. నేనూ వెళ్ళాను. స్టేజీ మధ్యలో మొదలయ్యాయి, చిన్నచిన్న అడుగులు. ఒక్క జత కాదు. అన్నీ అంచుదాకా వచ్చి, గేటు వైపు తిరిగి ఉన్నాయి. మధ్యలోకి వెళ్ళినవి ఒక్కటీ లేవు. వాటిలో ఒక దానికి చిటికెనవేలు పక్కకి తిరిగి ఉంది. అది నేను చూశాను. మేస్త్రి వెంటనే దాని మీద సిమెంటు మెత్తేశాడు. ఆ ఏడు చివర్లో పల్లం టీచరు నందిగామకి వెళ్ళిపోయింది. తర్వాతి వానలకి తెల్లనీళ్ళు మళ్ళీ బావి దగ్గరికి చేరాయి. అప్పటికి నేను ఆ బళ్ళో లేను.

ఇవన్నీ ఆ మేనల్లుడికి అప్పుడు చెప్పలేదు. “సమాధి ఎలా కావాలని చెప్పారా ఆవిడ?” అని మాత్రం అడిగాను.

కుర్రాడు తల దించుకున్నాడు. “చెప్పిందండి. తన మీద ఎత్తు కట్టొద్దంది. కాళ్ళ దగ్గర మడి తవ్వమంది. సమాధుల తోటలోకి పైన పత్తిచేల నీళ్ళు దిగే చోటే స్థలం అడిగి పెట్టుకుంది, ఎప్పుడో. ఆ నీళ్ళు అక్కణ్నుంచి మా పేటలో బోరింగు దగ్గరికి వస్తాయండి. పురుగుమందు వాసనతో. నాన్న వినట్లేదు.”

సిమెంటు అమ్మనని నేను ఒక మనిషితో అనడం అదే మొదలు, అదే ఆఖరు. ఆటోట్రాలీలో కంకర, ఇసుక వేయించి నేనూ ఎక్కి కూర్చున్నాను.

వాళ్ళ నాన్న పెద్దాయన, టీచరుకి తమ్ముడు. సమాధుల తోటలో మట్టిదిబ్బ పక్కన నిలబడి నా మాటంతా విన్నాడు. “ఎత్తు లేకపోతే సమాధి ఏందమ్మా?” అన్నాడు. “అక్కని పల్లంలో వదిలేశాడంటారు. గొడ్లు తొక్కుతాయ్. మా అక్క ఎంతమందికి చదువు చెప్పింది. దానికి ఆ మాత్రం గట్టు కట్టలేనా నేను?” ఆ మాటల్లో మొండితనం లేదు, ప్రేమే. అందుకే నాకు ఎలా కాదనాలో తెలియలేదు.

స్టేజీ సంగతి చెప్పాను. పూడ్చిందీ, మేస్త్రి ఆగిందీ, తెల్లారి మేం చూసిందీ. నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఇంటాయనకి కూడా.

పెద్దాయన చాలాసేపు దిబ్బకేసి చూశాడు. “ఇక్కడ కూడా సిమెంటు పోస్తే, పడతాయంటావా?”

“పడతాయి,” అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు.

“ఈసారి పెద్దయి పడతాయేమో, అక్కవి,” అన్నాడాయన.

ఆ తర్వాత ఆయన గట్టు మాట ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి, పాతచీరలో చుట్టిన ఆ అడుగు పెచ్చు తెచ్చి ఇచ్చాడు. టీచరు పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడింట్లోనే ఉండేదట, అక్కడ ఎవర్నీ దాన్ని ముట్టుకోనిచ్చేది కాదట. తలవైపు దాన్ని నిలబెట్టాం. పేరు రాయించొద్దని కూడా చెప్పిందట. అందుకని నేనూ ఇక్కడ రాయలేదు. ఆ సమాధి మీద ఉన్నదల్లా ఎవరిదో తెలియని ఒక పిల్ల అడుగు.

మడి తవ్వుతుంటే పేట పిల్లలు చేరారు. ముందు దూరంగా నిలబడ్డారు, తర్వాత పారలు అందుకున్నారు. అక్కడిది నల్లరేగడి, నీళ్ళు తొందరగా ఇంకనివ్వదు, అందుకని లోతుగా తీయించి ఇసుక ఎక్కువ వేయించాను. అడుగున కంకర, పైన ఇసుక, ఆ పైన మట్టి అని చెబుతున్నాను. మధ్యలో ఒక పిల్ల చేతులు కడుక్కున్న నీళ్ళు అటు విసిరింది. “కింద ఎవరున్నారో చూశావా?” అనేశాను. ఆ పిల్ల నేలకేసి చూసింది. నాకు నా గొంతు నాది కానట్టు అనిపించింది.

వట్టివేరు నాటడం అయ్యాక పెద్దాయన నిండు బిందె తెచ్చి నా చేతికిచ్చాడు. నీళ్ళు ఇంకుతాయో లేదో చూడాలి. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. చెప్పులు విప్పి మడమతో నేలని తట్టాను. జరగండమ్మా అనబోయి, అక్కడున్నది ఎవరో గుర్తొచ్చింది.

“టీచర్, కాస్త కాళ్ళు ముడుచుకోండి,” అన్నాను.

ఏమీ కాలేదు. ఒంగి బిందె వంచబోతుంటే మడికి అటుపక్క, సమాధి వైపు, మట్టి కొద్దిగా కదిలింది. ఒక గులకరాయి దొర్లి ఇటు వచ్చింది. తర్వాత ఇంకొంచెం కదిలింది.

కొత్తగా పోసిన మట్టి కుంగుతుంది. ఇసుక సర్దుకుంటుంది. రోజూ అమ్మేదాన్ని, నాకు తెలియనిది కాదు. బిందె బరువుకి చేతులు లాగేస్తున్నాయి. పిల్లలు నాకేసి చూస్తున్నారు. అయినా పోయకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ లావు మనిషి, జరగడానికి కాస్త టైము పడుతుంది.